పాత బ్రిటిష్ నాణేల గ్రేడు ఎలా చూడాలి? వెండి రేటు చూసి అమ్మేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. లెస్టర్‌లో మీ పక్కింటి పెద్దాయన ఇల్లు మారుతూ ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత నాణేలు మీ చేతిలో పెట్టి వెళ్లారు. అందులో విక్టోరియా రాణి, ఐదో జార్జి కాలం పెన్నీలు చాలా, హాఫ్ క్రౌన్లు (రెండున్నర షిల్లింగుల నాణేలు) కొన్ని, 1889 క్రౌన్ (ఐదు షిల్లింగులది) ఒకటి, చర్చిల్ బొమ్మ ఉన్న క్రౌన్లు నాలుగు, 1918 సావరిన్ (ఒక పౌండు బంగారు నాణెం) ఒకటి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అచ్చం అలాంటి నాణేన్నే ఒకరు ఐదు పౌండ్లకు, ఇంకొకరు రెండొందలకు పెట్టారు, ఎందుకింత తేడా అని అడిగారు. వెండి, బంగారం ధరలు ఇలా ఎగురుతున్నప్పుడే అమ్మేయడం మంచిదా, అమ్మే ముందు నల్లబడ్డవాటిని తోమాలా అని కూడా అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఆలస్యమైతే లాభం లేదు. తోమకండి. పూజ సామాను చింతపండుతో తోమే చెయ్యి మనది, నల్లటి రాగి కనిపిస్తే ఊరుకోదు. పెన్నీ మీద ఉన్న ఆ ముదురు గోధుమ రంగు మురికి కాదు. నూరేళ్లుగా ఆ లోహం మీద ఏర్పడిన పొర అది. చింతపండు పులుపు దాన్ని తినేసి గులాబీ రంగు లోహాన్ని బయటపెడుతుంది. కొన్నవాడు దాన్ని చూడగానే గుర్తుపడతాడు. రాణి బుగ్గ పచ్చిగా మెరుస్తుంటుంది, అక్షరాల సందుల్లో మాత్రం నలుపు అలాగే ఉంటుంది. పీతాంబరీ, టూత్‌పేస్టు, సోడా అయితే ఇంకా ఘోరం, భూతద్దంలో సన్నటి గీతలు ఒకే దిక్కుకు తేలుతాయి. బాగున్న పెన్నీ కూడా ఆ తర్వాత గ్రేడు లేని పెన్నీయే. ఆకుపచ్చ చిలుము పట్టిన నాణేలుంటే వాటిని విడిగా తీసి పెట్టండి, గోకకండి. నూనె జిడ్డులాంటిది ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా ఆరబెట్టుకోవచ్చు. అసిటోన్ లోహం జోలికి పోదు. కిటికీ తీసి, పొయ్యికి దూరంగా చేయండి. అంతకుమించి ఏదీ వద్దు.

ఇక ఐదు పౌండ్లకూ రెండొందలకూ తేడా. పాత నాణేనికి రెండు ధరలుంటాయి. ఒకటి అందులోని లోహానిది, రెండోది దాని గ్రేడుది, అంటే ఎంత అరగకుండా మిగిలిందన్న దానిది. వార్తల్లో మీరు చూసే రేటు మొదటి దాన్నే కదిలిస్తుంది. అరిగిపోయిన హాఫ్ క్రౌన్‌కు అది చాలా ముఖ్యం. నిగనిగలాడే 1874 పెన్నీకి దాంతో పనే లేదు, ఎందుకంటే కంచుకు వచ్చేది పైసలే. కాబట్టి ముందు గ్రేడు చూసి, దేనికి ఏ ధర వర్తిస్తుందో విడదీయండి. రేటు చూసుకోవడం ఆ తర్వాతి పని.

బ్రిటన్‌లో గ్రేడులు మాటల్లో చెబుతారు: ఫెయిర్, ఫైన్, వెరీ ఫైన్ (వీఎఫ్), ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ (ఈఎఫ్), అన్‌సర్క్యులేటెడ్. అన్నిటికన్నా పైన ఎఫ్‌డీసీ ఉంది గానీ అది ప్రత్యేకంగా కొట్టిన ప్రూఫ్ నాణేలకు వాడే మాట, మీ డబ్బాతో దానికి సంబంధం లేదు. అమెరికావాళ్లు 1 నుంచి 70 దాకా అంకెలు వేస్తారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రిటిష్ ఈఎఫ్ అదే పేరుకు అమెరికావాళ్లు వాడే ఎక్స్‌ఎఫ్ కన్నా కఠినం, దాదాపు వాళ్ల ఏయూతో (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అంటే ఇంచుమించు వాడనిది) సమానం. అమెరికా అమ్మకందారు ఎక్స్‌ఎఫ్ అన్న నాణేన్ని ఇక్కడి డీలరు చూసి వీఎఫ్ అంటే అతను మిమ్మల్ని మోసం చేస్తున్నట్టు కాదు. ఇంకో సంగతి, రెండు వైపులకూ విడివిడిగా గ్రేడు ఇవ్వొచ్చు. వీఎఫ్, ఈఎఫ్ అని పక్కపక్కన రాసి ఉంటే మొదటిది తల వైపుది, రెండోది వెనక వైపుది.

"ఫైన్" అనే పేరు విని మంచి నాణెం అనుకోకండి. బొమ్మ ఆకారం ఉంటుంది, అక్షరాలు చదవొచ్చు, కానీ జుట్టు పోగులు చాలావరకు కలిసిపోయి ఉంటాయి. మీ పెన్నీల్లో ఎక్కువ భాగం అదే గ్రేడు లేదా అంతకన్నా తక్కువ ఉంటుంది. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ దశాంశ పద్ధతికి మారేదాకా విక్టోరియా పెన్నీలు కూడా జేబుల్లో తిరిగేవి మరి. 1862 నాటి పెన్నీ నూరేళ్లకు పైగా చేతులు మారి ఉంటుంది. వెరీ ఫైన్ అంటే ఎత్తు భాగాలు అరిగినా జుట్టు విడివిడిగా కనిపించాలి. ఈఎఫ్ అంటే అరుగుదల వెతికితే గానీ దొరకకూడదు. అన్‌సర్క్యులేటెడ్‌లో అరుగుదల అసలు ఉండకూడదు గానీ, సంచుల్లో ఒకదానికొకటి తగిలిన చిన్న గాట్లు ఉండొచ్చు.

చూసే పద్ధతి చెబుతాను. బల్ల మీద మెత్తటి గుడ్డ పరచండి. ట్యూబులైటు పనికిరాదు, ఒకే బల్బున్న టేబుల్ ల్యాంపు పక్క నుంచి పడేలా పెట్టండి. నాణేన్ని అంచులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. వాడకంలోకి వెళ్లని నాణెం మీద మెరుపు చక్రంలా గిర్రున తిరుగుతుంది. తోమిన నాణెం కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు తిరగదు, ఒకేచోట నిలబడి ఉంటుంది. తర్వాత పదింతలు చూపించే భూతద్దం తీసుకుని ఎత్తైన చోట్ల మీద పెట్టండి. 1860 నుంచి 1894 దాకా వచ్చిన పెన్నీల మీద రాణి జుట్టు వెనక కొప్పు చుట్టి ఉంటుంది. అందుకే వాటిని బన్ పెన్నీలంటారు. వాటిలో చెవి పైన జుట్టు, తలలోని ఆకులు, వెనక వైపు బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా కూర్చున్న స్త్రీ బొమ్మ) ఛాతీ, శిరస్త్రాణం ముందుగా అరుగుతాయి. ఆకుల మధ్య ఈనెలు కనిపిస్తే మంచి నాణెం చేతిలో ఉన్నట్టే.

ఐదో జార్జి పెన్నీల దగ్గర మాత్రం ఈ సూత్రం పనిచేయదు, కాస్త ఆగి చదవండి. 1911 నుంచి 1926 దాకా వచ్చిన పెన్నీల మీద బర్‌ట్రమ్ మెకెన్నల్ చెక్కిన రాజు తల పెద్దది, లోతు ఎక్కువ. అచ్చు కొట్టేటప్పుడు లోహం అంతా ఆ తలలోకి లాక్కుపోయేది, వెనక వైపున్న బ్రిటానియాకు చాలేది కాదు. అందువల్ల మింటు (టంకశాల) నుంచి అప్పుడే వచ్చిన కొత్త పెన్నీలో కూడా బ్రిటానియా ముఖం, ఛాతీ చదునుగా ఉండేవి. వాలుగా పట్టుకుని చూడండి, బ్రిటానియా వెనక ఖాళీ జాగాలో రాజు తల ఆకారం నీడలా కనిపిస్తుంది. దాన్ని ఘోస్టింగ్ అంటారు. కొత్తవాళ్లు ఆ చదును చూసి నాణెం అరిగిపోయిందనుకుని పక్కన పడేస్తారు. గడుసు అమ్మకందారు దీన్నే తిరగేసి, నిజంగా అరిగిన నాణేన్ని "అచ్చు సరిగా పడలేదు, నాణెం కొత్తదే" అని అంటగడతాడు. తేడా పట్టుకోవచ్చు. చదునైన చోట రంగు చూడండి. అరిగి ఉంటే ఆ మచ్చ చుట్టుపక్కల కన్నా వేరే రంగులో, నున్నగా ఉంటుంది. అచ్చు తక్కువ పడి ఉంటే అక్కడ కూడా చుట్టూ ఉన్న మెరుపే ఉంటుంది, లోహం కాస్త గరుకుగా కనిపిస్తుంది. పైగా అరిగిన నాణెంలో రాజు చెవి, కనుబొమ్మ కూడా అరిగి ఉండాలి కదా! తల వైపు పదునుగా ఉండి బ్రిటానియా ఒక్కతే చదునుగా ఉంటే తప్పు అచ్చుదే. మింటువాళ్లు 1926లో తలను కొంచెం సవరించారు, 1928 నుంచి తల సైజే తగ్గించారు. ఆ సవరించిన తలతో వచ్చిన 1926 పెన్నీ అరుదు. రాజు మెడ దగ్గర బీఎం అనే అక్షరాలకు (మెకెన్నల్ పేరులోని పొడి అక్షరాలు) చుక్కలు లేకపోతే దాన్ని విడిగా పెట్టండి.

సంవత్సరాల దగ్గర చిన్న అక్షరాలు కూడా చూడండి. తేదీకి ఎడమ పక్కన హెచ్ ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింటులో కొట్టింది, కేఎన్ ఉంటే కింగ్స్ నార్టన్‌ది. 1912 హెచ్ బాగానే దొరుకుతుంది. 1918, 1919లో హెచ్, కేఎన్ ఉన్నవి మంచి గ్రేడులో దొరకడం కష్టం. విక్టోరియా పెన్నీల్లో హెచ్ తేదీ కింద ఉంటుంది. 1869, 1871 పెన్నీలు కనిపిస్తే అరిగినా పారేయకండి. 1882లో హెచ్ లేనిది చాలా అరుదు, అందుకే హెచ్ గోకేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. తేదీ కింద లోహం గుంటపడినట్టో, గీతలు పడినట్టో ఉంటే ఆశ పెట్టుకోకండి.

1933 పెన్నీ గురించి మీరు అడగలేదు గానీ డబ్బా దొరికిన ప్రతివాడూ ముందు దానికోసమే వెతుకుతాడు. ఆ ఏడాది కొత్త పెన్నీల అవసరమే లేక, భవనాల పునాదుల్లో పెట్టడానికీ మ్యూజియాలకూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కొట్టారు. లీడ్స్ దగ్గర మిడిల్టన్ చర్చి పునాదిలో పెట్టిన పెన్నీని 1970లో దొంగలు తవ్వుకుపోయారు. ఆ భయంతో లీడ్స్‌లోని ఇంకో చర్చివాళ్లు తమ పెన్నీని తీయించి 1972లో అమ్మేశారు. మీ డబ్బాలో ఆ తేదీ కనిపిస్తే అది వేరే తేదీ దిద్దిందో, నకలో అయ్యుంటుంది. టెన్షన్ పడకండి.

హాఫ్ క్రౌన్లకు వద్దాం, మీ వెండి ప్రశ్న అసలు వీటిదే. తేదీ చూసి మూడు కుప్పలు పోయండి. 1919, అంతకుముందువి ఒక కుప్ప, వాటిలో నూటికి 92.5 వంతులు వెండి. 1920 నుంచి 1946 దాకావి రెండో కుప్ప, సగం వెండి. 1947 నుంచి వచ్చిన వాటిలో వెండి లేదు, రాగి నికెల్ మిశ్రమం. మూడు కుప్పల నాణేలూ 14.14 గ్రాములే తూగుతాయి, కాబట్టి కాటా మీద పెట్టి కనిపెట్టలేరు, తేదీ చూడాల్సిందే.

ఈ మార్పులన్నీ ఆనాటి వార్తల వల్లే జరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెండి ధర ఎగబాకి 1920 ఫిబ్రవరిలో లండన్‌లో ఔన్సు 89 పెన్నీలు దాటింది. నాణెం ముఖవిలువ కన్నా అందులో ఉన్న వెండి ఖరీదెక్కువైంది. ప్రభుత్వం చట్టం చేసి వెండిని సగానికి తగ్గించింది. ఆ తొలి ఏళ్ల మిశ్రమం ఎంత అధ్వానమంటే, అరిగేకొద్దీ నాణెం పసుపు పచ్చగా, రోగిష్ఠిగా కనిపించేది. మీ డబ్బాలో 1921, 1922 నాణేలుంటే చూడండి. ఆ రంగు చూసి నకిలీ అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా దగ్గర అప్పు తెచ్చుకున్న వెండిని తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి మిగతా సగం కూడా తీసేశారు. నాణేల సంతల్లో బల్లల దగ్గర జనం నాణేల కన్నా పన్నులు, కరెంటు బిల్లులు, ప్రభుత్వం గురించే ఎక్కువ మాట్లాడుకుంటారని కొత్తగా వచ్చినవాళ్లు విసుక్కుంటారు. నాకైతే అది విడ్డూరంగా అనిపించదు. చేతిలో ఉన్న 1920 షిల్లింగే ఒక బడ్జెట్ వార్త.

ఇప్పటి లెక్క చూద్దాం. 2025 అక్టోబరులో వెండి ఔన్సు 50 డాలర్లు దాటింది, అదే నెలలో బంగారం 4000 దాటింది. ఔన్సు 50 డాలర్ల చొప్పున 1919 హాఫ్ క్రౌన్‌లో సుమారు 21 డాలర్ల వెండి ఉంది, 1921 దాంట్లో సుమారు 11. మీరు చదివే రోజుకు రేటు మారి ఉంటుంది, ఈ లెక్కనే ఆ రోజు రేటుకు వేసుకోండి. డీలరు పూర్తి వెండి ధర ఇవ్వడు, తన ఖర్చు, లాభం తీసుకునే కొంటాడు. అరిగి, తేదీ మామూలుదైన నాణేలకు ఇదే ధర. వాటిని అమ్మాలనుకుంటే రేటు బాగున్నప్పుడు అమ్ముకోండి, నేను అడ్డు చెప్పను. ఇంట్లో కరిగించే ఆలోచన మాత్రం వద్దు. 1969 మే 16 తర్వాత చెలామణి ఆగిపోయిన నాణేలను ట్రెజరీ లైసెన్సు లేకుండా కరిగించకూడదని 1971 నాణేల చట్టం చెబుతోంది. హాఫ్ క్రౌన్ చెలామణి ఆగింది 1969 చివర్లో.

కానీ ఆ కుప్పను అమ్మే ముందు ఏడో ఎడ్వర్డు హాఫ్ క్రౌన్లు ఏరి పక్కన పెట్టండి, 1902 నుంచి 1910 దాకావి. డి సాల్స్ చెక్కిన ఆ తల లోతు తక్కువ, తొందరగా అరిగిపోయేది, అందుకే ఫైన్ కన్నా పై గ్రేడులో అవి తక్కువగా దొరుకుతాయి. 1905ది అయితే మరీ అరుదు, కొట్టిందే 1,66,008. అరిగినా వెండి ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది కాబట్టి నకిలీలు కూడా దానివే ఎక్కువ. ఐదో జార్జి వాటిలో 1925, 1930 చూసుకోండి. వెండి రేటు పెరిగినప్పుడు జరిగే నష్టం ఇదే, తొందరలో తూకానికి పోసిన సంచిలో ఇలాంటివి వెళ్లిపోతాయి.

1889 క్రౌన్ ఆ ఏడాది పద్ధెనిమిది లక్షలకు పైగా కొట్టిన నాణెం. గ్రేడు ఉంటేనే దానికి విలువ. బోమ్ చెక్కిన ఈ జూబిలీ తలలో రాణి నెత్తి మీద చిన్న కిరీటం, దాని కింద ముసుగు ఉంటాయి. బుగ్గ, కనుబొమ్మ పైన జుట్టు చూడండి. వెనక వైపు సెయింట్ జార్జి తొడ, గుర్రం ఛాతీ ముందుగా నున్నబడతాయి. ఈ నాణేన్ని తప్పకుండా తూచండి, 28.28 గ్రాములకు దగ్గరగా ఉండాలి. అరిగితే కొంచెం తగ్గొచ్చు, గ్రామో రెండో తగ్గితే అనుమానించాల్సిందే. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ. అంటుకోనంత మాత్రాన అసలుదని కాదు.

చర్చిల్ క్రౌన్ల సంగతి తొందరగా ముగిద్దాం. 1965లో దాదాపు కోటీ 96 లక్షలు కొట్టారు, వెండి లేదు, ప్రతి ఇంట్లో ఒకటి దాచుకున్నారు. పిల్లలకు ఇచ్చేయండి.

సావరిన్ అలా కాదు. 22 క్యారెట్లు, 7.98 గ్రాములు, అందులో శుద్ధ బంగారం 7.32 గ్రాములు. 1918వి లండన్‌వి కావు, సామ్రాజ్యంలోని వేరే మింటులవి. గుర్రం కాళ్ల కింద నేల మీద, తేదీకి పైన చిన్న అక్షరం వెతకండి. ఎస్ అంటే సిడ్నీ, ఎం అంటే మెల్‌బోర్న్, పీ అంటే పెర్త్, సీ అంటే కెనడాలోని ఒట్టావా. ఐ ఉంటే అది ఇండియాది, బొంబాయి మింటులో కొట్టింది. బొంబాయి ఆ ఒక్క ఏడాది తేదీతోనే సావరిన్లు కొట్టింది, సుమారు 13 లక్షలు. మనవాళ్లు దాన్ని కాస్త ఎక్కువిచ్చి కొంటారు, నా దగ్గరా ఒకటుంది, అమ్మను. అంచు మీద ఎక్కడైనా టంకం అతికిన గుర్తుందేమో చూడండి. నగలో వేసి తీసిన నాణేనికి బంగారం ధరే వస్తుంది, పై ధర రాదు. 1837, ఆ తర్వాతి సావరిన్లకు బ్రిటన్‌లో క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. ఇంకొక మాట, అమ్మే ముందు ఆ పెద్దాయనకు ఒకసారి ఫోన్ చేసి డబ్బాలో సావరిన్ ఉందని చెప్పండి. రాగి పెన్నీలే ఉన్నాయనుకుని ఇచ్చి ఉండొచ్చు.

ఈ మధ్య వార్తల్లో వచ్చే "జేబులో వందల పౌండ్ల నాణెం" కథనాలనూ మీరు ప్రస్తావించారు. వాటిలో నిజం కొంచెం ఉంది. చార్లెస్ రాజు తలతో 2023 తేదీ వేసిన సాల్మన్ చేప 50 పెన్సు నాణేలు రెండు లక్షలే విడుదలయ్యాయి, 2009 క్యూ గార్డెన్స్ నాణేలు 2,10,000. ఇవి చిల్లరలో దొరికితే ఉంచుకోండి. మిగతా 50 పెన్సు నాణేలకు ఎవరో పెట్టిన అడిగే ధర చూసి అదే విలువనుకోవద్దు. ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయిన వాటి ధరలు విడిగా చూపించే మీట ఉంటుంది, అదొక్కటే చూడండి. మీకు కనిపించిన రెండొందల పౌండ్ల పెన్నీ కూడా బహుశా ఇంకా అక్కడే ఉంటుంది.

ప్లాస్టిక్ డబ్బీలో బిగించి అంకె వేయించే గ్రేడింగ్ కంపెనీలకు ఇప్పుడే పంపకండి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటివి నమ్మకమైనవే, కానీ ఇరవై పౌండ్ల పెన్నీకి అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుంది, తోమిన నాణెమైతే అంకె కూడా వేయరు. ఖరీదైన తేదీ అసలుదో కాదో తేల్చుకోవడానికి పంపితే అర్థముంది. అమ్మేటప్పుడు బ్రిటిష్ నాణేల వర్తకుల సంఘం బీఎన్‌టీఏలో సభ్యులైన ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపించండి. ఒకేసారి మొత్తం డబ్బా బల్ల మీద కుమ్మరించకండి, ఏరి పెట్టినవి విడిగా చూపించి ధర అడగండి. అప్పటిదాకా వాటిని పీవీసీ కవర్లలో వేయొద్దు, అవి కాలక్రమంలో జిగటగా మారి ఆకుపచ్చ మరక వేస్తాయి. కాగితపు కవర్లు చాలు.

ఫొటోలు పెడతానన్నారు కదా, హాఫ్ క్రౌన్లకు ముందు పెన్నీలవి పెట్టండి. ఫ్లాష్ లేకుండా, రెండు వైపులూ, తేదీ దగ్గర విడిగా ఒకటి తీయండి. 1882ది ఉంటే తేదీ కింది జాగా ఫోకస్‌లో ఉండాలి.